దమయంతి అడిగిన ప్రశ్న

నవలలు చదివి ఆడువారు చెడిపోవుదురని ఒక పక్షమువారును, నవలలు చదివి ఆడువారు బాగుపడుదురని మరియొక పక్షమువారును మన దేశమున నూరేండ్లకు పైగా వాదించుచున్నారు. మేము మొదటినుండియు రెండవ పక్షమువారమే. మా యింట పంచాంగమునకు ఎంత చోటు గలదో నవలలకును అంత చోటు గలదు. ఈ వాదములో ఒకనాడు గెలిచితిమని మేము సంతోషించితిమి. ఆ గెలుపే మా యింటి ఆడుబిడ్డకు కీడు చేసినది. ఈ సంగతిని దాచుకొనుట సులభమే. కాని సంస్కరణమును గూర్చి ఇతరులకు చెప్పబూనువాడు తన యింటి తప్పును ముందు చెప్పుకొనవలెనని మా నమ్మకము. కావున ఈ మాసము చదువరుల యెదుట దానినే విప్పుచున్నాము.

మేము చెప్పబోవు నవలలు ఒక జాతివి. పూర్వకాలపు కోటలు, యుద్ధములు, కుట్రలు. వాని నడుమ మనసు గాయపడి కఠినుడైన వీరుడు. వానిచేత బాధపడియు వాని హృదయములోని మంచిని కనుగొను నాయిక. తుదకు ఆమె ప్రేమచేత వాడు మారుట, ఆమె గాయము మానుట. ఇట్టి కథలకు ఇంగ్లీషున లెక్కలేదు. తెలుగునను పూర్వము పుస్తకములుగా వచ్చినవి. నేడు చేతిఫోనులలో ధారావాహికలుగా వచ్చుచున్నవి. వీనిని చదువువారిని ఎగతాళి చేయుట మాకు సమ్మతము కాదు. మనుష్యుడు మారగలడు, గాయము మానగలదు అను రెండు నమ్మకములు లేనిచో ఏ సంసారియు తెల్లవారి లేచి పొయ్యి రాజవేయలేడు. ఆ రెంటిని కథగా చెప్పునది చెడ్డది ఎట్లగును? చెడ్డది కథలో లేదు. దానిని మేము చదివిన తీరులో నున్నది.

మా కాపురము ఎల్లారెడ్డి. మా అక్క కూతురు చిన్ననాటనే తల్లిని పోగొట్టుకొని మా యింట పెరిగినది. ఆమెకు పదునైదవ యేట అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి'ని చేతికిచ్చినవారము మేమే. ఆ పుస్తకము ఆమె తలగడ క్రింద నుండి కదలలేదు. దాని అట్ట ఊడగా గోధుమపిండి మైదాతో అతికించుకొన్నది. అన్నాంబిక కష్టములకు ఆమె ఏడ్చుట చూచి మా యింటివారు నవ్వుకొనువారు. 'బిడ్డకు హృదయము మేల్కొనుచున్నది' అని మేము గర్వపడితిమి.

ఇరువది మూడవ యేట ఆమెను కామారెడ్డిలో అంగడి నడుపుకొను ఒక కుటుంబమున ఇచ్చితిమి. పిల్లవాడు చదువుకొన్నవాడు, మాట మెత్తనివాడు. వానికి పేకాట కలదని మాకు ఆరు నెలలకు తెలిసినది. మొదట జేబులోని రూపాయలు పోయినవి; తరువాత అంగడిలోని సరుకు పోయినది; పిమ్మట మా అమ్మాయి మెడలోని గొలుసు పోయినది. పోగొట్టుకొని వచ్చిన రాత్రి త్రాగుట, త్రాగిన రాత్రి చేయి చేసికొనుట అలవాటైనది. ఒక కార్తికమాసపు సాయంకాలమున ఆమె చేతిలో ఒక సంచితో కామారెడ్డి బస్సు దిగి మా గడప నెక్కినది. చెంప వాచి యుండెను. ఎవరేమి అడిగినను 'ఏం లేదు' అనుటయే.

ఆ రాత్రి మేము ఆమెను కూర్చుండబెట్టుకొని, పండితులము గనుక, పండితుల మాటలు చెప్పితిమి. 'గన్నారెడ్డిని లోకమంతయు గజదొంగ యనలేదా? అన్నాంబిక ఒక్కతె వాని లోపలి వెలుగును చూడలేదా? మంచి మనిషియే దుఃఖమువలన చెడ్డవాడుగా కనబడును. నీవు ఓర్చుకొన్నచో వాడు మారును. నీ ప్రేమయే వానికి మందు.' ఆమె తల వంచుకొని విన్నది. ఆమెయు ఆ పుస్తకము చదివినదే కదా. నమ్మవలెనని ఆమెకును ఉండెను. పదునొకండవ దినమున మేమే ఆమెను బస్సు ఎక్కించి వచ్చితిమి.

నాలుగు నెలలకు, పొరుగింటివారు ఫోను చేయగా పరుగెత్తితిమి. ఆమె ఎడమ మణికట్టు విరిగి యుండెను. ఆసుపత్రి మంచముపై కట్టుతో పడుకొని ఆమె పైకప్పును చూచుచుండెను. మమ్ము చూచి కంట తడి పెట్టలేదు. ఒకే మాట అడిగెను:

"మామా, గన్నారెడ్డి అన్నాంబికను ఎన్నడన్న కొట్టిండా?"

మాకు జవాబు లేకపోయెను.

ఇంటికి వచ్చిన రాత్రి ఆ నవలను మరల మొదటినుండి చదివితిమి. హైదరాబాదున 'మీజాన్' తెలుగు దినపత్రికకు సంపాదకులుగా నుండిన బాపిరాజుగారు 1940ల దశకమున దానిని వ్రాసిరి. అందు వర్ధమానపురపు గోన బుద్ధారెడ్డి మరణానంతరము ఆయన తమ్ముడు లకుమయారెడ్డి అధికారమును చేజిక్కించుకొనును. బుద్ధారెడ్డి కొడుకైన గన్నారెడ్డి గజదొంగయని పేరుపడును. లకుమయ కొడుకు వరదారెడ్డికిని ఆదవోని అన్నాంబికకును పెండ్లి జరుగుచుండగా పెండ్లికొడుకునే ఎత్తుకొనిపోవును. చదువువారికి ఒడలు గగుర్పొడుచును. కాని కథ సాగినకొలది తెలియునది ఏమి? వాని దోపిడి యంతయు రుద్రమదేవికి ద్రోహము తలపెట్టిన వారిపైననే నడచినది. దొంగతనము వాని స్వభావము కాదు, వేషము. 2015వ సంవత్సరమున వచ్చిన 'రుద్రమదేవి' చలనచిత్రములోను ప్రజలు ఈలలు వేసినది ఆ వేషమునకే.

అనగా ఇది చెడ్డవాడు మంచివాడైన కథ కానే కాదు. మంచివాడు ముసుగు తీసిన కథ. చరిత్రలోని గన్నారెడ్డి యైనను ఇట్టివాడే. రాయచూరు కోటలో 40 అడుగులకు పైబడిన ఒక రాతిపై 1294వ సంవత్సరపు తెలుగు శాసనము గలదు. గోన గన్నారెడ్డి సేనాని విఠలుడు ఆ కోటగోడను కట్టించిన సంగతి అందున్నది. శాసనమునకు తెలిసిన గన్నారెడ్డి కోట కట్టించిన ప్రభువు. దొంగవేషము నవలాకారుని సొత్తు. వేషమునకును స్వభావమునకును గల భేదము మాకు తెలియక పోలేదు. ఆ రాత్రి, బిడ్డ వాచిన చెంపతో వచ్చిన రాత్రి, తెలిసికొనుటకు మాకు ఇష్టము లేకపోయినది. మా అల్లుని చేయి ముసుగు కాదు. దాని క్రింద వేరొక చేయి లేదు.

ఈ పొరపాటు మాకొక్కరికే కలిగినది కాదు. ఈ జాతి కథలతో పాటు పుట్టి పెరిగినది. ఇంగ్లండున 1740వ సంవత్సరమున శామ్యూల్ రిచర్డ్‌సన్ 'పమేలా' అను నవలను ప్రకటించెను. అందొక పనిపిల్లను ఆమె యజమాని వెంటాడి, నిర్బంధించి, తుదకు ఆమె శీలమునకు లొంగి మారి పెండ్లాడును. జనము విరగబడి చదివిరి. తుంటరి మారినచో ఉత్తమ భర్త యగునను మాట అప్పటికే ఆ దేశమున ప్రచారములో నుండెను. ఇట్టి కథ దానికి బలమే గాని విరుగుడు కాదు. ఆ రచయితయే 1747, 1748 సంవత్సరములలో 'క్లారిస్సా' అను పెద్ద నవలను వెలువరించి, ఆ మాట ప్రమాదకరమని దాని పీఠికలోనే హెచ్చరించెను. అందు క్లారిస్సా తన్ను చెరచిన లవ్‌లేస్‌ను పెండ్లాడుటకు తుదివరకు ఒప్పుకొనదు. ఒకే చేయి రెండు కథలను వ్రాసినది. ఆ హెచ్చరిక వచ్చి రెండువందల డెబ్బదియేండ్లకు పైబడినను, మేము మా బిడ్డకు చెప్పినది మొదటి కథనే.

మరి నూరేండ్లకు, 1847వ సంవత్సరమున, షార్లట్ బ్రాంటే 'జేన్ ఐర్' వ్రాసెను. అందలి రోచెస్టరు భార్య బ్రతికియుండగానే ఆ సంగతి దాచి జేనును పెండ్లాడబోవును. నిజము తెలిసిన మరునాటి వేకువనే జేను ఇల్లు విడిచి వెళ్లును. అతని బ్రతిమాలుటకు లొంగదు. ఆమె మరల వచ్చునప్పటికి ఆమెకు స్వంత ధనము, స్వంత బంధువులు కలరు. అతడు తన కొంపలోని వారిని కాపాడబోయి చూపు పోగొట్టుకొని యున్నాడు. ఆమె వెళ్లిపోయిన దారి లేనిచో ఆమె తిరిగివచ్చిన దారికి విలువ లేదు. మన తెలుగునను 1872వ సంవత్సరమున నరహరి గోపాలకృష్ణమ శెట్టిగారు ప్రకటించిన 'శ్రీరంగరాజ చరిత్రము' పూర్వరాజుల కాలపు ప్రేమకథయే. కాని ఈ ప్రశ్నకు తెలుగున జవాబు వెదకిన మాకు, అది నవలలలో కాక మా యింటి చెంతనే, నవలలు పుట్టకముందే దొరికినది.

కామారెడ్డికి చేరువనున్న నేటి భిక్కనూరు పూర్వపు బిక్కనవోలు. 16వ శతాబ్దమున దానిని ఏలిన కామినేని మల్లారెడ్డి గొప్ప కవి. ఆ కామినేని వంశమువారి పేర్లే మా రెండు ఊళ్లకును వచ్చెనని ఇక్కడి పెద్దలు చెప్పుకొందురు. ఆయన వ్రాసిన కావ్యములలో 'షట్చక్రవర్తి చరిత్రము' ఒకటి. హరిశ్చంద్రుడు, నలుడు, పురుకుత్సుడు, పురూరవుడు, సగరుడు, కార్తవీర్యుడు అను ఆరుగురు చక్రవర్తుల కథలు అందున్నవి. ఈ ఆరుగురిలో నలుడు జూదమాడి రాజ్యము పోగొట్టుకొని, నిద్రించుచున్న భార్యను అడవిలో విడిచిపోయినవాడు. మా అల్లుని పేకాటతో వేగుచున్న మాకు ఆ పేరు చూడగానే గుండె కలుక్కుమన్నది.

నలదమయంతుల ప్రేమను పాడిన కవులు పెక్కురు. శ్రీనాథుని 'శృంగార నైషధము' హంస రాయబారముతో మొదలై వారి వివాహ సౌఖ్యముతో ముగియును. చీకటి అంతయు ఆ తరువాతనే కలదు. దానిని చదువవలెనన్నచో అరణ్యపర్వమునకు పోవలసినదే. నన్నయగారు తెనిగించిన ఆ భాగమును మా బిడ్డ తన కట్టుచేయి ఒడిలో పెట్టుకొని, మధ్యాహ్నములందు మా అరుగుపై కూర్చుండి చదువ మొదలిడెను. మా వీధిలో బీడీలు చుట్టి బ్రతుకు ఆడువారు ఎక్కువ. చాటలో తునికాకులు, తంబాకు పెట్టుకొని వారును అరుగెక్కిరి. ఆమె పద్యము చదివి అర్థము చెప్పును. వారు చేతులు ఆపక విందురు. పదునైదు దినములకు కథ పూర్తియైనది. మేము లోపలి గదిలో పత్రిక చేతబట్టుకొని వినుచుంటిమి.

ఆ కథలో మేము ఎన్నడును గమనింపని సంగతులు ఆ బీడీలు చుట్టు తల్లులు గమనించిరి. నలుడు జూదములో మునిగియుండగా దమయంతి చేసిన మొదటి పని ఏమి? బిడ్డలిద్దరిని సారథితో పుట్టినింటికి పంపివేయుట. 'తెలివిగల తల్లి' అని వారు మెచ్చుకొనిరి. అడవిలో మేల్కొని మగడు లేడని తెలిసినప్పుడు ఆమె ఏడ్చినది. కాని అచ్చటనే కూర్చుండలేదు. చేదిరాజు నగరు చేరి, పనిచేసికొని, మానము కాపాడుకొన్నది. పిదప తండ్రి మనుష్యులు వెదకి పుట్టినింటికి తీసికొనిపోయిరి. 'ఓర్చుకొనుము, ఆ అడవికే తిరిగి పొమ్ము' అని తండ్రియైన భీమరాజు అనలేదు. ఆ వాక్యము చదువునప్పుడు బిడ్డ గొంతు కొంచెము ఆగెను. లోపల మా చేతిలోని పత్రిక వణకెను.

పుట్టినింట కూర్చుండి ఆమె దేశదేశములకు బ్రాహ్మణులను పంపును. వారు పోయిన ప్రతి చోటను ఒకే ప్రశ్న అడుగవలెను: చీర చెరగు కోసికొని, నిద్రించు భార్యను విడిచిపోయినవాడా, ఎచ్చట నున్నావు? ఆమె క్షమింపలేదు, శపింపలేదు, అడిగినది. లోకమంతయు వినునట్లు అడిగినది. జవాబు వచ్చిన పిమ్మటనైనను పరుగెత్తలేదు. మరల స్వయంవరమని కబురు పంపి రప్పించినది. కేశినిని పంపి నడత చూడుమన్నది. వండినది తెప్పించి రుచి చూచినది. బిడ్డలను పంపి వాని కన్నులు చెమర్చునేమో తెలిసికొన్నది. అప్పుడుగాని ఎదుట నిలువలేదు. నిలిచి, ముఖాముఖి మరల ఆ ప్రశ్ననే వేసినది.

దానికి నలుడు చెప్పు జవాబు అందరికి తెలిసినదే: 'అది నేను చేయలేదు, కలి చేసెను.' ఈ మాట వినగానే అరుగుపై నొక ముసలమ్మ కత్తెర క్రింద పెట్టి అన్నది:

"కలి చేసెనట! మా ఇంటాయన తాగొచ్చి కొట్టిననాడల్లా 'నేను గాదే, కల్లు చేసింది' అనేటోడు. కలి అయితేంది, కల్లు అయితేంది, చెయ్యి ఎవనిది?"

అందరును నవ్విరి. మా బిడ్డయు నవ్వెను. ఆసుపత్రినుండి వచ్చిన తరువాత ఆమె నవ్వుట అదియే మొదలు.

నవ్వు తగ్గిన పిమ్మట ఆమె మెల్లగా చెప్పిన మాట మా మనస్సున నాటినది. "పెద్దమ్మా, కలి నలుణ్ని ఎప్పుడు విడిచిపోయిండో చూడు. దమయంతిని కలిసినంక గాదు. దారిలనే విడిచిపోయిండు." నిజమే. కర్కోటకుని విషము కలిని నలుని లోపలనే దహించుచుండెను. అయోధ్యలో బాహుకుడను పేర గుఱ్ఱములను కాచుకొనుచు, ఎవరును చూడనప్పుడు, ప్రతి సాయంకాలమును విడిచివచ్చిన భార్యను తలచుకొని ఒక శ్లోకము చెప్పుకొనువాడు. ఋతుపర్ణుని రథము తోలుకొని వచ్చుచు అక్షహృదయము నేర్చిన క్షణముననే కలి బయటికి వెడలెను. అటు పిమ్మటనే వాడు కుండినపురము చొచ్చినది. దమయంతి వానికి మందు కాలేదు. రోగము కుదిరినవాడు ఆమె వాకిటికి వచ్చెను.

చదువరులారా, మేము నేర్చినది ఈ యొక్క సంగతియే. ఆడుదాని ఒడలు, ఓర్పు, యౌవనము మగవాని చెడుగుకు మందు కాదు. మారవలసినవాడు ఆమెకు ఎడముగా, ఫలము ఆశింపక, ఎవరును చూడనిచోట మారవలెను; మారిన తరువాత రావలెను; వచ్చి ఆమె ప్రశ్నకు జవాబు చెప్పవలెను. ఆమె గాయము మానుట వాని మార్పుకై కాచుకొని యుండరాదు. ఏ చీకటి కథలోనైనను ఈ క్రమమున్నచో అది ఉద్ధరణకథ. ఈ క్రమము తలక్రిందులైనచో, ఎంత అందముగా వ్రాసినను, అది ఓర్పు పేరిట వేసిన సంకెల.

తరువాతి యేడు ఉగాది దాటిన పిమ్మట అల్లుడు పెద్దమనుషులను వెంటబెట్టుకొని ఎల్లారెడ్డికి వచ్చెను. చాపలు పరచి కూర్చుండిరి. పెద్దలు అలవాటైన మాటలు పలికిరి: మగవాడు, వయసు, తప్పు ఎవరు చేయరు. వాడు నిజముగానే కన్నీరు పెట్టుకొన్నాడు. మా యింటివారి మనసు కరగుచుండెను. మా మనసును కరగెను. అప్పుడు మా బిడ్డ లోపలినుండి వచ్చి నిలిచి అడిగెను:

"నా చెయ్యి విరిగిననాటి నుంచి ఇయ్యాల్టిదాక, ఎవ్వరు చూడనప్పుడు, ఒక్కనాడన్న నాది తప్పని అనుకున్నవా? ఆట మానినవా?"

వాడు తడబడి, "నువ్వు వస్తే మానుత" అనెను.

"మానినంక రా" అని ఆమె లోపలికి వెళ్లెను.

పెద్దమనుషులు కోపముతో లేచిరి. ఇది జరిగి రెండేండ్లైనది. వాడు రాలేదు. మానెనో లేదో మాకు తెలియదు. వాడు మారకూడదని మేము కోరుట లేదు. వాడును ఒక తల్లి బిడ్డయే. కాని వాని మార్పు వాని పని. మా బిడ్డ ఇప్పుడు కామారెడ్డిలోనే ఒక బడిలో చదువు చెప్పుచున్నది. చలికాలమున మణికట్టు లాగును. వాని పోలిక గల మనిషి వీధిలో ఎదురైనచో నేటికిని ఆమె అడుగు ఆగును. గాయము మానుట నవలలలో వలె ఒక పున్నమి రాత్రి జరుగదని చెప్పుటకే ఇది వ్రాయుచున్నాము. అయినను ఆమె నెల జీతము ఆమె చేతికి వచ్చుచున్నది, ఆమె నిద్ర ఆమెకు వచ్చుచున్నది.

ఇక మా లెక్క మిగిలినది. ఒక ఆదివారము ఆమెను కామారెడ్డికి దిగబెట్టబోవుచు, దారిలో లింగంపేటలో దిగి నాగన్న బావిని చూచితిమి. పాడుపడి చెత్తతో నిండియుండిన ఆ పాత మెట్లబావిని పూడిక తీసి బాగుచేసినారు. మెట్లపై కూర్చుండి ఆమె నీటివైపు చూచుచు అడిగెను:

"మామా, ఆనాడు నన్ను తిరిగి పంపినప్పుడు, ఆయన మారుతడని నువ్వు నిజంగ నమ్మినవా? లేకపోతే నలుగురు ఏమంటరో అని భయపడ్డవా?"

మాకు నవలలన్నియు జ్ఞప్తికి వచ్చినవి. కలి చేసెనని చెప్పుటకు మాకును ఒక సాకు సిద్ధముగా నుండెను: పుస్తకము తప్పు చెప్పినది, మేము నమ్మితిమి. ఆ మాట నాలుకపైకి వచ్చి ఆగెను. 'నమ్మలేదు బిడ్డా. భయపడితిమి. వీధిలో తల యెత్తుకొని తిరుగుటకు నిన్ను పంపితిమి. పుస్తకమును అడ్డము పెట్టుకొంటిమి' అని చెప్పితిమి.

ఆమె చాల సేపు మాటాడలేదు. పిదప, "ఇప్పటికన్న చెప్పినవు" అని లేచెను. బస్సులో మా ప్రక్కనే కూర్చుండెను. ఆమె క్షమించినదో లేదో మేము అడుగలేదు. అడుగుటకు మాకు హక్కు లేదు. మేము చేయగలిగినది ఒకటే: మా తప్పును ఆమె చూడనప్పుడును తలచుకొనుట.

మా ప్రాంతమునకు స్త్రీల పక్షమున మాటాడుట క్రొత్త కాదు. 1930లో జోగిపేటనుండి మొదలైన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభలు 1937లో మా నిజామాబాదునను జరిగినవి. ఆ సభలతో పాటు మహిళాసభలును జరుగుచుండెను. బాల్యవివాహములు కూడదని, ఆడపిల్లలకు చదువు చెప్పింపవలెనని, వితంతువులకు వివాహము కావలెనని పెద్దలు అప్పుడే చెప్పిరి. ఆ మాటలు విన్న తాతల మనుమలమైన మేము సభలలో అవునని తలయూచి, మా గడపలోపల మాత్రము వాచిన చెంపను చూచి చూడనట్లుంటిమి. గృహహింస నుండి స్త్రీలను రక్షించు చట్టము 2005లో ఏర్పడి 2006 అక్టోబరు నుండి అమలులో నున్నది. కొట్టకుండ ఉత్తరువు పొందుటకును, ఆ యింటనే నివసించుటకును, భరణమునకును దానియందు దారి గలదు. మా బిడ్డకు ఆ చట్టము సంగతి చెప్పినది పండితులమైన మేము కాదు. బీడీలు చుట్టు ఒక తల్లి కోడలు. చట్టము అంగడిలో దొరకును. దానిని మొదట ఇంటిలోనికి తేవలసినవారు ఇంటి పెద్దలు.

కావున సోదరీమణులారా, మీ చేతిలోని నవలను ఎవరైనను లాగికొనిన ఈయకుడు. చదువుడు. కోటలను, కత్తులను, కఠినుడైన వీరుని చూచి గుండె దడదడ కొట్టుకొననిండు. కాని పుట త్రిప్పునప్పుడు ముసలమ్మ మాటను జ్ఞప్తియందుంచుకొనుడు: చెయ్యి ఎవనిది? వీరుడు మారెనని వ్రాసినచో, ఎప్పుడు మారెను, ఆమె ఎదుటనా, ఆమె లేనప్పుడా యని చూడుడు. ఆమె అడుగుటకు కథలో చోటున్నదా యని చూడుడు. సోదరులారా, బిడ్డ సంచితో గడప ఎక్కిన రాత్రి మీ నోట ఏ పుస్తకము పలుకబోవుచున్నదో, దానిని ఎందుకు పలికించుచున్నారో, ముందు మిమ్ము మీరు అడుగుకొనుడు.

మా అరుగుపై చదువు సాగుచునే యున్నది. బిడ్డ సెలవులలో వచ్చినప్పుడెల్ల చాటలు చేరును. ఇప్పుడు హరిశ్చంద్రుని కథ నడచుచున్నది. మొన్న భార్యను అంగడిలో అమ్మిన ఘట్టము చదువుచుండగా ఆ ముసలమ్మ మరల కత్తెర క్రింద పెట్టెను. "పెండ్లాన్ని అమ్మినోడు సత్యవంతుడెట్లయితడు బిడ్డా?" అని అడిగెను. మా బిడ్డ పుస్తకము మూసి లోపలి గదివైపు చూచి, "మామా, నిన్నే అడుగుతున్నది" అనెను.

మేము పత్రిక ప్రక్కన పెట్టి అరుగుపైకి వచ్చి కూర్చుంటిమి. జవాబును ఇంకను వెదకుచున్నాము.